బాకీ వేరు, బేరం వేరు

డిసెంబరులో అరకు వెళ్ళినవాళ్ళు వలిస చేను దగ్గర ఆగకుండా రావటం కష్టం. మేమూ ఆగాం. ఐదుగురం ఆడవాళ్ళం. నలుగురం పాఠాలు చెప్పుకుని బతికేవాళ్ళం, ఒకరు కథలు రాసే ఆవిడ. రెండు రోజుల సాహిత్య సమావేశం ముగించుకుని విశాఖపట్నం తిరిగి వస్తూ, రోడ్డు పక్కన పసుపు ఆరబోసినట్టున్న చేను చూసి కారు ఆపించాం. గట్టు మీద కూర్చున్న ఒకామె లేచి వచ్చి "మనిషికి ఇరవై రూపాయలమ్మా" అంది. మాలో ఒకరికి కోపం వచ్చింది. "పువ్వులు చూట్టానికి కూడా డబ్బులా? వీళ్ళకీ అన్నీ నేర్పేశారు" అన్నారు. ఆమె ఆ మాట విన్నది. గొడవ పెట్టుకోలేదు.

"సూస్తే డబ్బులొద్దమ్మా. లోపలికెల్తే తొక్కుతారు. తొక్కిన కాడ గింజ రాదు" అంది.

డబ్బులిచ్చి ఫోటోలు దిగాం. వలిస నూనెగింజల పంట. పూత చూడటానికి వచ్చిన మనకి అది రంగు. పండించే ఆమెకి అది నూనె, సంతలో వచ్చే నాలుగు డబ్బులు. చూడటానికీ తొక్కటానికీ మధ్య ఆమె ఒక గీత గీసింది. తిరుగు ప్రయాణమంతా ఆ మాట నన్ను వదల్లేదు. ఎందుకంటే అంతకు మూడు నెలల ముందు, సరిగ్గా ఆ గీతని చెరిపేసిన ఒక కాగితానికి నేను మంచి మార్కులు వేసి వచ్చాను.

ఒక కాలేజీలో ప్లానింగ్ చదివే పిల్లలు అరకు సంత, బస్టాండు, స్టేషను రోడ్డు పరిసరాలని "పునరుద్ధరించే" ప్రాజెక్టు చేశారు. పరీక్షకుల్లో ఒకరిగా నన్నూ పిలిచారు. నాకు ప్లానింగ్ రాదు. "జెండర్ కోణం" చూడమన్నారు. మ్యాపు ముచ్చటగా వుంది. సంత జరిగేచోట రాతి పలకలు పరిచిన కూడలి, దాని చుట్టూ నంబర్లు వేసిన కొట్లు, మధ్యలో థింసా నాట్యానికి వేదిక. వెనక కొండవాలుకి "వ్యూ పాయింట్" అని పేరు. పోడు చేలున్న చోట "క్షీణించిన భూమి, ప్రతిపాదిత ఎకో పార్కు" అని రాసి ఆకుపచ్చ రంగు వేశారు. ఆడవాళ్ళకి మరుగుదొడ్లు చూపించలేదనీ, వీధి దీపాలు చాలవనీ నేను చెప్పాను. పిల్లలు శ్రద్ధగా రాసుకున్నారు. నా వంతు పని చేశానన్న తృప్తితో ఇంటికి వచ్చాను. ఆ ఆకుపచ్చ రంగు కింద వున్నది ఎవరి కందిచేను అని అడగలేదు. ఈ మ్యాపు గీసేముందు సంతలో కూర్చునే ఒక్క మనిషితోనైనా మాట్లాడారా అని కూడా అడగలేదు.

మనం జెండర్ కోణం అంటున్నది చాలాసార్లు ఇంతే అవుతోంది. గీయటం అయిపోయిన మ్యాపు మీద చివర్న అతికించే చీటీ. ఆ చీటీ అతికించటానికి మనలాంటివాళ్ళని పిలుస్తారు. మనం వెళ్తాం.

పిల్లలు అన్నది పూర్తిగా అబద్ధం కాదు. శీతాకాలం సెలవుల్లో అరకు ఊపిరాడకుండా వుంటుంది. కార్ల బారు, ప్లాస్టిక్ చెత్త, వానొస్తే బురదయ్యే సంత. ఏదో ఒకటి చెయ్యాలనే మాట ఎవరికైనా వస్తుంది. నా ప్రశ్న చెయ్యాలా వద్దా అని కాదు. ఒక చోటు పాడైందని ఎవరు తేలుస్తారు, బాగుచేస్తే ఆ బాగు ఎవరిది అని.

ఈ లోయని బాగుచెయ్యటం ఇవాళ మొదలైన పని కాదు. పద్మాపురం తోటని 1942లో, రెండో ప్రపంచ యుద్ధంలో సైనికులకి కూరగాయలు పంపటానికి వేశారు. ఇప్పుడది పర్యాటకులు తిరిగే తోట. కొత్తవలస-కిరండూల్ రైలుమార్గం 1960లలో వచ్చింది, బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవు ద్వారా జపాన్‌కి చేర్చటానికి. సొరంగాలు దాటుతుంటే మనం కేరింతలు కొట్టే ఆ రైలు ముందు ఖనిజం కోసం పుట్టింది, తర్వాత మనుషుల్ని ఎక్కించుకుంది. 2017లో దానికి అద్దాల పెట్టె తగిలించారు. సైనికుడి కూర, కర్మాగారం ఇనుము, యాత్రికుడి కన్ను. ప్రతిసారీ లోయ బాగుపడింది. ప్రతిసారీ ఆ బాగు కోరినవాళ్ళు లోయ బయట వున్నారు.

కాఫీ కథ కొంచెం వేరు. అటవీశాఖ తోటలతో మొదలైనా క్రమంగా గిరిజన రైతుల చేతికి వచ్చింది. 2019లో అరకు అరబికా కాఫీకి భౌగోళిక గుర్తింపు దొరికింది. ఇది నిజంగా సంతోషించాల్సిన మార్పు. కానీ కాలెండరు ఒకసారి చూడండి. కాఫీ పళ్ళు కోసేదీ, వరి నూర్చేదీ, యాత్రికులు విరగబడేదీ అన్నీ నవంబరు నుంచి జనవరి దాకానే. కోత కొయ్యాల్సిన చేతులే రిసార్టు దుప్పట్లు ఉతకాలి, వేదిక మీద థింసాకి ఒకదాన్నొకటి పట్టుకోవాలి. ఆ పిల్లల మ్యాపులో ఎక్కడా కాలెండరు లేదు. నేలని ఏయే పనులకి వాడాలో చెప్పే ప్లాను, ఆడవాళ్ళ రోజుని ఎన్ని పనులకి వాడుకుంటుందో లెక్కపెట్టదు.

ఈ గుడ్డితనం మన దగ్గరే పుట్టిందనుకోనక్కర్లేదు. అమెరికాలో 1949 గృహనిర్మాణ చట్టం తర్వాత పాత పేటల్ని పడగొట్టి కట్టే కార్యక్రమం పెద్దయెత్తున నడిచింది. పడగొట్టదగిన పేటకి వాళ్ళు వాడిన మాటకి మన భాషలో సరైన అర్థం "తెగులు". చేనుకి పట్టే తెగులే. తెగులు పట్టిన మొక్కని అడిగి పీకరు కదా. వాషింగ్టన్ నగరం నైరుతి భాగంలో ఎక్కువగా నల్లవాళ్ళు వుండే ఒక పేటని అలాగే ఖాళీ చేయించారు. తన కొట్టుకి ఏ తెగులూ లేదని ఒక యజమాని కోర్టుకి వెళ్తే, ఊరు ఆరోగ్యంగానే కాదు, అందంగా కూడా వుండాలని ప్రభుత్వం నిర్ణయించుకోవచ్చని 1954లో అక్కడి సుప్రీంకోర్టు చెప్పింది. అందం కోసం ఒకరి చోటు తీసుకోవచ్చన్నమాట. ప్లానింగ్ పట్టా ఏదీ లేని జేన్ జేకబ్స్ అనే పాత్రికేయురాలు 1961లో ఆ శాస్త్రాన్నే ఎదిరించి పుస్తకం రాసింది. ఆమె చేసిన పని నిజానికి చాలా మామూలుది. వీధిలో ఎవరు ఏ వేళకి ఏం చేస్తున్నారో కూర్చుని చూసింది. పైనుంచి చూస్తే గందరగోళంగా కనిపించేది దగ్గర్నుంచి చూస్తే ఒక అమరిక అని చెప్పింది.

మన ఏజెన్సీలో తెగులు అన్న మాట వాడరు. "వెనుకబడిన", "క్షీణించిన", "ఖాళీ" అంటారు. పోడు క్షీణించిన భూమి అవుతుంది. కొండ నెత్తి ఖాళీ అవుతుంది. బాక్సైట్ తవ్వకం కోసం కొన్ని ప్రభుత్వాలు చూసింది ఆ ఖాళీ కొండ నెత్తినే. దాని కింద ఊట వుంటుందనీ, ఆ ఊటే తమ ఊరి నీళ్ళనీ కడవ ఎత్తే ఆడవాళ్ళు చెప్తూనే వున్నారు. 2015లో ఇచ్చిన 97వ నంబరు జీవో 2019లో రద్దయ్యేదాకా ఆందోళన చెయ్యాల్సి వచ్చింది.

ఇక్కడిదాకా రాశాక నన్ను నేనే ఆపుకోవాలి. ఎందుకంటే మనలాంటివాళ్ళం తేలిగ్గా జారిపోయే చోటు ఇదే. "వాళ్ళని అలాగే వదిలెయ్యండి, కొండల్ని ముట్టుకోకండి" అనేస్తే మన మనసుకి హాయిగా వుంటుంది. నెలలు నిండిన మనిషిని డోలీ కట్టి మైళ్ళకి మైళ్ళు మోసుకొచ్చే వార్త ఏటా చదువుతూ ఆ మాట అనగలమా? దారిలో కాన్పైపోయిన ఆమెకి కొండ సహజ సౌందర్యం గురించి ఎవరు ఉపన్యసిస్తారు? రోడ్డు కావాలని ముందు అడిగింది అక్కడి ఆడవాళ్ళే. 2025 ఏప్రిల్‌లో "అడవితల్లి బాట" పేరుతో గిరిజన గ్రామాలకి రోడ్లు వేసే కార్యక్రమం మొదలైంది. స్వాతంత్ర్యం వచ్చిన డెబ్భై ఏడేళ్ళ తర్వాత వేస్తున్న ఆ రోడ్డు దయాధర్మం కాదు. బాకీ. కొండ ఊట నుంచి పైపు వేసి కిందికి తెచ్చే నీళ్ళు బాకీ. నర్సు వుండే ఆస్పత్రి బాకీ. సంతలో నీళ్ళొచ్చే మరుగుదొడ్డి బాకీ.

రిసార్టు బాకీ కాదు. అద్దాల వంతెన బాకీ కాదు. వ్యూ పాయింట్ బాకీ కాదు. అవి బేరాలు. బేరం చెడ్డదని నేననటం లేదు. ఇరవై రూపాయలు అడిగిన ఆమె కూడా బేరమే ఆడింది. కానీ బేరంలో కాదనే హక్కు రెండో పక్షానికి వుండాలి. పునరుద్ధరణ ప్లానుల్లో నాకు కనిపించే అసలు తప్పు ఇది: బాకీనీ బేరాన్నీ ఒకే కాగితం మీద, ఒకే రంగులో గీస్తారు. మరుగుదొడ్డి కావాలంటే కూడలి ఒప్పుకోవాలి. రోడ్డు కావాలంటే దాని చివర రిసార్టు ఒప్పుకోవాలి. నీళ్ళు అడిగితే అభివృద్ధికి అడ్డొస్తున్నారనిపించుకోవాలి. అప్పు తీర్చటానికి వచ్చినవాడు ముందు నీ చేను రాసియ్యి అంటే దాన్ని మనం ఏమంటాం?

ఆ కాదనే హక్కుకి ఇక్కడ ఒక చట్టం రూపం వుంది. 1959 భూబదలాయింపు నిబంధనలని సవరించిన 1970 నాటి 1/70. షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరులకి భూమి బదలాయింపు చెల్లదంటుంది. ఆ నియమం ప్రభుత్వానికీ వర్తిస్తుందని 1997 జులై 11న సమత కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కేసు పుట్టింది అరకుకి దగ్గర్లోనే, బొర్రా పంచాయతీలో గనుల లీజుల మీద. 2025 ప్రారంభంలో పర్యాటక పెట్టుబడుల కోసం 1/70ని సడలించాలన్న మాట పెద్దల నోట వచ్చింది. ఫిబ్రవరిలో ఏజెన్సీ బంద్ జరిగింది. చట్టం జోలికి వెళ్ళబోమని ముఖ్యమంత్రి ప్రకటించారు. ఆ రోజుల్లో మా స్టాఫ్ రూములో జరిగిన వాదన గుర్తుంది. "అమ్ముకునే హక్కు లేకపోతే అది ఆస్తి ఎలా అవుతుంది? బ్యాంకు అప్పివ్వదు. ఆ చట్టం వల్ల ఎక్కువ నష్టపోయేది ఆడవాళ్ళే" అంది ఒక మిత్రురాలు. స్త్రీవాది. నాకు వెంటనే జవాబు దొరకలేదు.

ఫిబ్రవరి చివర్లో ఒక విద్యార్థినిని తోడు తీసుకుని సంతకి వెళ్ళాను. ఆ అమ్మాయికి అక్కడి ఆదివాసీ ఒడియా వచ్చు. నిజానికి మా ఇద్దరిలో చదువుకున్నది ఆ రోజు తనే. రాజ్‌మా, పసుపు, చింతపండు, చీపుళ్ళు ముందేసుకుని కూర్చున్నవాళ్ళని "ఇక్కడేం మారిస్తే బాగుంటుంది?" అని అడిగించాను. ఎండకి నీడ కావాలన్నారు. కాలకృత్యాలకి చోటు కావాలన్నారు. తూకంలో మోసం లేని కాటా కావాలన్నారు. అమ్ముడుపోని సరుకు వచ్చే వారందాకా దాచుకునే గది వుంటే బేరగాడికి లొంగక్కర్లేదన్నారు. పిల్లలు గీసిన మ్యాపు గురించి, నంబరు వేసిన కొట్ల గురించి చెప్పాను. ఒక పెద్దామె తెలుగులోనే అడిగింది.

"నంబరు ఎవులికిస్తారమ్మా? దినం దినం తెరిసేవోళ్ళకిస్తారు. వారానికోపాలి వొచ్చే మాకు ఏ నంబరిస్తారు?"

అంత మంచి మ్యాపులో నాకు కనిపించని సంగతి ఆమెకి ఒక్క నిమిషంలో కనిపించింది. సంతలో ఎవరికీ నంబరు లేదు కాబట్టే అందరికీ చోటు వుంది. రాయి పరిచి, కొట్టు కట్టి, నంబరు వేసిన మరుక్షణం అది రోజూ తెరిచేవాడిదవుతుంది. పరిశుభ్రం అవుతుంది, అందంగా వుంటుంది, ఆమె మాత్రం రోడ్డు వారకి జరుగుతుంది.

చట్టం ఆమెకి చోటివ్వలేదా అంటే, ఇచ్చింది. మునిసిపాలిటీలకి సంబంధించిన రాజ్యాంగ భాగం షెడ్యూల్డ్ ప్రాంతాలకి దానంతటది వర్తించదు. పార్లమెంటు ప్రత్యేకంగా చట్టం చెయ్యాలి. 2001లో బిల్లు పెట్టారు గానీ అది చట్టం కాలేదు. ఇటు పంచాయతీలని షెడ్యూల్డ్ ప్రాంతాలకి విస్తరించిన 1996 పెసా చట్టం మాత్రం గ్రామ సంతల నిర్వహణని గ్రామసభ, పంచాయతీల చేతిలో పెట్టింది. అభివృద్ధి పనులకి భూమి సేకరించేముందు వాళ్ళని సంప్రదించాలంది. అంటే అరకు సంతకి ప్లాను గీయాల్సిన మొదటి చోటు డ్రాయింగు బల్ల కాదు, గ్రామసభ. మనం ఆ సభని ప్లాను పూర్తయ్యాక చప్పట్లు కొట్టించుకునే చోటుగా మార్చుకున్నాం.

అక్కడే, చీపుళ్ళ కట్ట బేరమాడుతూ ఇంకొకామెని అడిగాను. భూమి నీ పేరున వుందా అని. "పట్టా ఆయన పేరునుండేది. ఆయన పోయినాక మరిది పేరుకెక్కింది" అంది, వాన పడింది అన్నంత మామూలుగా. విత్తు దాచేది ఆమె. కలుపు తీసేది ఆమె. సంతకి మోసేది ఆమె.

స్టాఫ్ రూములో నాకు దొరకని జవాబు అక్కడ దొరికింది. 1/70ని ఎత్తేస్తే ఆమె భూమి అమ్ముకోగలదా? ఆమె పేరున లేని దాన్ని ఆమె ఎలా అమ్ముతుంది? అమ్మేది మరిది. కొనేది బయటివాడు. డబ్బు ఒక్కసారి వస్తుంది, మరిది చేతికి వస్తుంది. ఆమె చేతిలోంచి పోయేది మాత్రం ప్రతి ఏడూ వచ్చే వలిస గింజ, కంది, సామ. స్త్రీల పేరు చెప్పి మార్కెట్టుకి తలుపు తీస్తే ఆ తలుపులోంచి ముందు బయటికి వెళ్ళేది స్త్రీలే. ఇక పేరు ఒక్కటే చాలదని కూడా ఏజెన్సీ మనకి నేర్పింది. గిరిజనేతరులు గిరిజన స్త్రీని పెళ్ళాడో చేరదీసో ఆమె పేరున భూములు పెట్టుకున్న కథలు అక్కడ అందరికీ తెలుసు. కాగితం మీద పేరు ఆమెది, నేల వాడిది.

అలాగని 1/70ని కాపాడుతున్నవాళ్ళని ప్రశ్నించకుండా వుండలేం. భూమి బయటికి పోకూడదని గట్టిగా నిలబడే పెద్దలు, ఆ భూమి కూతురికి ఎందుకు రాదో చెప్పాలి. హిందూ వారసత్వ చట్టం షెడ్యూల్డ్ తెగలకి వర్తించదు. ఆచారమే అక్కడ చట్టం. 2025 జులైలో ఛత్తీస్‌గఢ్ గోండు కుటుంబం కేసులో, ఆడవాళ్ళకి వాటా లేదనే ఆచారం వుందని రుజువు కానప్పుడు గిరిజన స్త్రీ వారసులకి వాటా కాదనటం సమానత్వానికి విరుద్ధమని సుప్రీంకోర్టు చెప్పింది. అంతకన్నా ముందే 2006 అటవీహక్కుల చట్టం ఒక దారి చూపించింది. పోడు పట్టా భార్యాభర్తలిద్దరి పేర్లనా ఇమ్మంది, దాన్ని అమ్మటానికి వీల్లేదంది. చూడండి, ఈ రెండూ ఒకే చట్టంలో ఇమిడాయి. బయటివాడి నుంచి రక్షణ, ఇంట్లో వాటా. ఒకటి కావాలంటే రెండోది వదులుకోవాలని మనకి చెప్పేవాళ్ళు అబద్ధం చెప్తున్నారు.

అయితే ఆ వాటా గురించి తేల్చాల్సింది నేను కాదు. అక్కడి ఆడవాళ్ళు, వాళ్ళ సభలో, వాళ్ళ మగవాళ్ళ ఎదుట. అటవీహక్కుల గ్రామసభకి వచ్చినవాళ్ళలో మూడోవంతు ఆడవాళ్ళు వుండాలని నిబంధన వుంది. వుండటం వేరు, మాట్లాడటం వేరు. మన సెనేట్ సమావేశాల్లో కూర్చుని వచ్చే మనకి ఆ తేడా ఒకరు చెప్పక్కర్లేదు.

మరి మన పనేమిటి? మనల్ని పిలిచే చోట్ల అడగాల్సినవి అడగటం. చీటీ అతికించి రావటానికి ఒప్పుకోకపోవటం. ఈ ప్లానులో బాకీ ఏది, బేరం ఏది, ముందు విడదీసి చూపించమనాలి. బాకీకి షరతు వుండకూడదు, బేరానికి సమ్మతి లేకుండా కుదరదు. ఏం కడతారు అనేకన్నా ముందు, ఏది కదపకూడదో ఎవరిని అడిగారు అనాలి. నీళ్ళకి వెళ్ళే దారి, పుల్లలకి వెళ్ళే దారి, సంతకి వచ్చే దారి మ్యాపు మీద మొదటి గీతలు కావాలి. ఆ తర్వాతే వ్యూ పాయింట్ వుండాలో వద్దో తేలుతుంది. ఇవేవీ ప్లానింగ్ శాస్త్రం తెలిస్తే గానీ అడగలేని ప్రశ్నలు కావు. ఇంత కాలం నేను అడగకపోవటానికి కారణం శాస్త్రం రాకపోవటం కాదు. నేనూ చూడటానికే వెళ్ళేదాన్ని కావటం.

ఆ విద్యార్థులకి నేను వేసిన మార్కులు మార్చలేను. వాళ్ళు పట్టాలు తీసుకుని వెళ్ళిపోయారు. ఏదో ఒక రోజు ఏదో ఒక ఆఫీసులో వాళ్ళలో ఒకరి ముందు అరకు మ్యాపు నిజంగానే పరుస్తారు. అప్పుడు వాళ్ళకి గుర్తుండేది మరుగుదొడ్లు, దీపాల గురించి నేను చెప్పిన రెండు ముక్కలే అయితే, అది వాళ్ళ తప్పు కాదు. అందుకే ఈ ఏడాది క్లాసులో పాఠం మొదలుపెట్టకముందు వలిస చేను ఆమె మాట చెప్పాను. చూడటానికి డబ్బులొద్దు, తొక్కితే గింజ రాదు. ఒక అబ్బాయి లేచి అడిగాడు. "మరి తొక్కకుండా లోపలికి వెళ్ళే దారి ఏదో ఎవరికి తెలుస్తుంది, మేడమ్?"

గట్టు మీద కూర్చున్న ఆమెకి తెలుస్తుంది. అడగాలి, అంతే.